పాత బిలియర్డ్స్ బల్ల: ఏది మార్చాలి, ఏది ముట్టుకోవద్దు?

టేకులపల్లి: పాత చెక్క సామాను కనపడితే చాలు, "గీకించి కొత్త వార్నిష్ కొట్టిద్దాం" అంటారు. పేరులోనే టేకు ఉన్న ఈ ఊళ్లోనూ అదే మాట. కానీ వందేళ్లు దాటిన వస్తువుకు ఆ పద్ధతి నష్టమే తెస్తుంది.

హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌నే తీసుకోండి. వికార్-ఉల్-ఉమ్రా కట్టించిన ఈ ప్యాలెస్ చాలా ఏళ్లు మూతపడి ఉండి, మరమ్మతుల తర్వాత 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. అందులోని బిలియర్డ్స్ బల్ల లండన్‌కు చెందిన బరోస్ అండ్ వాట్స్ కంపెనీ తయారీ. ఇలాంటి బల్లను బాగు చేయాలంటే ముందు దేన్ని కదిలించొచ్చో తెలియాలి.

పెద్ద బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. పైన ఆకుపచ్చ ఉన్ని గుడ్డ, దాని కింద మామూలుగా ఐదు పలకరాళ్లు, అంచుల్లో రబ్బరు ఉంటాయి. గుడ్డ అరుగుతుంది, రబ్బరు గట్టిపడి బంతి సరిగా ఎగరదు. ఆడాలంటే ఈ రెండూ మార్చక తప్పదు. దాంతో బల్ల విలువేమీ పోదు.

చెక్క సంగతి వేరు. చిత్రిక పడితే పాత పాలిష్, చెక్కడపు అంచులు పోతాయి, మళ్లీ రావు. కంపెనీ పేరున్న బిళ్ల పోతే బల్ల ఎవరిదో చెప్పే సాక్ష్యమే ఉండదు. కాలు విరిగితే అదే జాతి చెక్కతో అతికించాలి. తీసిన ముక్కను పారేయొద్దు. పని మొదలుపెట్టే ముందు ఫొటోలు తీయాలి.

తాతల నాటి టేకు మంచానికైనా, మసీదు పాత తలుపుకైనా లెక్క ఇదే. మళ్లీ వెనక్కి తేలేని పని ఏదైనా చివరికి ఉంచుకోవాలి.