రైల్వే కొలువుల అసలు లెక్క పార్లమెంటు జవాబుల్లో!

2024 జనవరిలో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ ఇచ్చాయి. అందులో చూపిన పోస్టులు 5,696. దేశం మొత్తానికి ఇన్నేనా అని నిట్టూర్చి దరఖాస్తు పెట్టనివారు మీ మిత్రుల్లోనూ ఉండే ఉంటారు. ఫిబ్రవరి 19తో గడువు ముగిసింది. జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు రైలు ఢీకొంది. ఆ వెంటనే రైల్వే శాఖ అదే నోటిఫికేషన్‌లో పోస్టులను 18,799కి పెంచింది. అంటే మూడు రెట్లకు పైగా! అప్పటికే దరఖాస్తు చేసినవారికి జోన్ మార్చుకునే వీలు దొరికింది. చేయనివారికి ఏమీ దొరకలేదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2018లో లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు కలిపి 26,502 అని ప్రకటించారు. తర్వాత ఆ సంఖ్య 64,371కి చేరింది. రెండుసార్లూ నష్టపోయింది నోటిఫికేషన్‌లోని అంకె చూసి వెనక్కి తగ్గినవారే.

మరి ఈ పెరుగుదలను ముందే ఊహించవచ్చా? కచ్చితమైన సంఖ్య చెప్పలేం గానీ గాలి ఎటు వీస్తోందో మాత్రం తెలుస్తుంది. 2022 డిసెంబరు 1 నాటికి రైల్వేలో నాన్ గెజిటెడ్ పోస్టులు 3.12 లక్షలు ఖాళీగా ఉన్నాయని శాఖే పార్లమెంటుకు లిఖితపూర్వకంగా చెప్పింది. ఆ కాగితం చదివినవారికి 5,696 అన్న అంకె చూడగానే అనుమానం రావాలి. యూట్యూబ్‌లో ‘రైల్వేలో లక్షల ఉద్యోగాలు’ అనే థంబ్‌నెయిల్స్ రోజూ కనిపిస్తూనే ఉంటాయి. వాటికన్నా ఆ జవాబు పత్రం నయం. అందులో తప్పు చెబితే మంత్రి సభకు సంజాయిషీ ఇచ్చుకోవాలి, యూట్యూబర్‌కు ఆ బాధ లేదు.

మూడు లెక్కలు, మూడు అర్థాలు

అయితే జవాబును చదవడం తెలియాలి. మంజూరైన పోస్టుల్లోంచి ప్రస్తుతం పనిచేస్తున్న సిబ్బందిని తీసేస్తే మిగిలేది ఖాళీ. ఆ ఖాళీలన్నీ మనకు రావు. కొన్ని పోస్టులు కింది స్థాయి ఉద్యోగుల పదోన్నతులకు పోతాయి, కొన్ని కారుణ్య నియామకాలకు పోతాయి. లెవెల్-1లో 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి కేటాయిస్తారు. పోగా నేరుగా భర్తీ చేయాల్సిన వాటిని, రాబోయే రిటైర్మెంట్లను కూడా అంచనా వేసి, జోన్లు బోర్డులకు పంపుతాయి. దీన్నే ఇండెంట్ అంటారు. ఆ ఇండెంట్ ఆధారంగా వచ్చేది నోటిఫికేషన్. ఖాళీ, ఇండెంట్, నోటిఫికేషన్.. ఈ మూడింటి మధ్య తేడా తెలియకపోతే 3.12 లక్షల ఖాళీలు అనగానే అన్ని ఉద్యోగాలూ పడతాయని ఆశపడతాం. జోన్లు ఇండెంట్ సవరిస్తే పోస్టులు పెరుగుతాయి. 2024లో జరిగింది అదే.

జవాబుల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది. రైల్వే పరిమాణం, విస్తరణ, కార్యకలాపాల ప్రాధాన్యం దృష్ట్యా ఖాళీలు ఏర్పడటం, భర్తీ కావడం నిరంతర ప్రక్రియ అన్నది దాని సారాంశం. తప్పు పట్టలేని మాటే. కానీ ఎంపీ అడిగింది ఖాళీలెన్ని అని! ఆ తర్వాత సాధారణంగా ఇంకో పోలిక వస్తుంది. 2004-05 నుంచి 2013-14 వరకు 4.11 లక్షల మందిని తీసుకుంటే, 2014-15 నుంచి 2023-24 వరకు 5.02 లక్షల మందిని తీసుకున్నామని. ఇదీ నిజమే కావచ్చు. అడిగిన ప్రశ్నకు మాత్రం కాదు. తీసుకున్నవారి సంఖ్య చెప్పినప్పుడు అదే కాలంలో రిటైరైనవారు ఎందరన్నది పక్కన లేకపోతే ఆ అంకెతో మనం ఏ నిర్ణయానికీ రాలేం. ఇలాంటి జవాబు చూసినప్పుడు అనుబంధ పట్టికలు తిరగేయండి. జోన్ల వారీ లెక్క ఉంటే అక్కడే ఉంటుంది. దక్షిణ మధ్య రైల్వే, తూర్పు కోస్తా వరుసలు మనకు ముఖ్యం.

నక్షత్రం ఉన్న ప్రశ్న.. లేని ప్రశ్న

పోటీ పరీక్షలకు పాలిటీ చదివినవారికి ఈ భాగం కొత్త కాదు, అయినా ఒకసారి చూసుకుందాం. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అన్‌స్టార్డ్ ప్రశ్నకు కాగితం మీద జవాబొస్తుంది, అనుబంధ ప్రశ్నలుండవు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు. రాజ్యసభలో 15, 160. లోక్‌సభలో ఒక ఎంపీ ఒక రోజుకు అయిదు ప్రశ్నలకు మించి నోటీసు ఇవ్వలేరు. నోటీసులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. సభలో గొడవ జరిగి ప్రశ్నోత్తరాలు ఆగిపోయినా లిఖిత జవాబులు మాత్రం సభ ముందుకు వచ్చేస్తాయి. టీవీలో కేకలు చూసి పార్లమెంటులో ఏమీ జరగలేదనుకుంటాం గానీ, ఆ రోజే మనకు కావాల్సిన పట్టిక ఎక్కడో అప్‌లోడ్ అయి ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’, ‘విషయం పరిశీలనలో ఉంది’ అని మంత్రి చెబితే అది గాలిమాట కాదు, హామీ కిందికి వస్తుంది. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందో లేదో చూడటానికి ఉభయసభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలున్నాయి. లోక్‌సభ కమిటీ 1953 నుంచి పనిచేస్తోంది. గడువు పొడిగించుకోవడం, వదిలేయమని కోరడం కూడా జరుగుతుంటాయి, అది వేరే కథ.

కమిటీ గదిలో

ప్రశ్నోత్తరాల కన్నా లోతైన పరిశీలన కమిటీల్లో జరుగుతుంది. రైల్వేకు ప్రత్యేకంగా స్థాయీ సంఘం ఉంది. 31 మంది సభ్యులు, వారిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ నుంచి. శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలయ్యాయి, 2004లో 24 అయ్యాయి. బడ్జెట్ ప్రవేశపెట్టాక మధ్యలో సభకు విరామం ఇస్తారు కదా, ఆ సమయంలో ఈ సంఘం రైల్వే పద్దులను ముందేసుకుని బోర్డు అధికారులను పిలిచి అడుగుతుంది. సమావేశాలు గోప్యం. నివేదిక మాత్రం బహిరంగం.

ఈ సంఘాల విలువ ఇప్పుడు పెరిగిందనే నా అభిప్రాయం. అక్‌వర్త్ కమిటీ సిఫారసు మీద 1924లో రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్ నుంచి విడదీశారు. 2017-18 నుంచి మళ్లీ కలిపేశారు. అంతకుముందు రైల్వే మంత్రి ప్రసంగం ఒక రోజంతా వార్తే, దానిపై విడిగా చర్చ నడిచేది. ఇప్పుడు ఆర్థిక మంత్రి ప్రసంగంలో రైల్వే వాటా కొన్ని వాక్యాలు. 2025-26లో రైల్వేకు బడ్జెట్ నుంచి ఇచ్చిన మూలధన మద్దతు 2.52 లక్షల కోట్ల రూపాయలు. అంత సొమ్మును పద్దు పద్దుగా కూర్చుని చూసే చోటు ఈ సంఘమే.

దాని సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు. కానీ మూడు నెలల్లో ఏం చేశామో చెప్పాలి. దాని మీద సంఘం మళ్లీ ‘తీసుకున్న చర్యల నివేదిక’ ఇస్తుంది. ఆ నివేదిక పూర్తిగా చదివే ఓపిక లేకపోతే నాలుగో అధ్యాయం తెరవండి. ప్రభుత్వ జవాబును సంఘం ఒప్పుకోని అంశాలు అందులో ఉంటాయి. మెయిన్స్ వ్యాసాలకు ఇంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు. అయిదో అధ్యాయంలో తుది జవాబు రానివి ఉంటాయి.

బాలేశ్వర్‌కు ఆరు నెలల ముందు

పరిశీలన ఎంత ముఖ్యమో, అది చదివేవారు లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2022 డిసెంబరులో కాగ్ నివేదిక ఒకటి పార్లమెంటు ముందుకొచ్చింది. ఆ ఏడాది 22వ నంబరు నివేదిక, అంశం రైళ్లు పట్టాలు తప్పడం. 2017-18 నుంచి 2020-21 మధ్య జరిగిన ప్రమాదాల విచారణ నివేదికలు 1,129 పరిశీలించారు. ట్రాక్ రికార్డింగ్ కార్లతో చేయాల్సిన తనిఖీల్లో 30 నుంచి 100 శాతం దాకా లోటు ఉందని తేలింది. అనిల్ కకోద్కర్ కమిటీ 2012లో భద్రతకు అయిదేళ్లలో లక్ష కోట్లు కావాలంది. 2017-18లో ‘రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్’ అనే నిధి వచ్చింది. దానికి నాలుగేళ్లలో రైల్వే తన సొంత వనరుల నుంచి వేయాల్సింది 20,000 కోట్లు. అందులో 15,775 కోట్లు తక్కువ పడ్డాయని కాగ్ రాసింది.

ఆ నివేదికపై అప్పట్లో పెద్ద చర్చ లేదు. 2023 జూన్ 2న ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర బహనగా బజార్ స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఘోర ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. అప్పుడు అందరూ ఆ పాత నివేదికను వెతికి పట్టుకున్నారు. నిజానికి ఆ ప్రమాదానికి కారణం ట్రాక్ కాదు. స్టేషన్ దగ్గర సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలని జులైలో రైల్వే మంత్రి రాజ్యసభకు ఇచ్చిన లిఖిత జవాబులో ఉంది. విచారణ చేసింది రైల్వే భద్రతా కమిషనర్. ఆ కమిషన్ రైల్వే కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. తనను తాను విచారించుకోకూడదనే ఈ ఏర్పాటు. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోండి, పరీక్షలో అడగడానికి సరిగ్గా సరిపోయే ప్రశ్న.

కాగ్ నివేదికలు ప్రజాపద్దుల సంఘానికి వెళ్తాయి. 22 మంది సభ్యుల ఆ సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యులే అధ్యక్షులుగా ఉండటం ఆనవాయితీ.

‘పరిశీలించాలి’ అన్న ఒక్క మాట

మన రెండు రాష్ట్రాలకూ రైల్వే అంటే విభజన హామీలే ముందు గుర్తొస్తాయి. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్ తీసి చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జోన్ ఏర్పాటునూ, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలనూ ఆరు నెలల్లో రైల్వే ‘పరిశీలించాలి’ అని ఉంది. ఏర్పాటు చేయాలని లేదు. ఆ ఒక్క క్రియాపదం ఏళ్ల తరబడి సభలో ప్రశ్నలకు కారణమైంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన 2023 జులై 8న. జోన్ వస్తే ఉద్యోగాలన్నీ స్థానికులకే అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలా కాదు. ఆర్‌ఆర్‌బీ పరీక్షకు ఏ రాష్ట్రంవారైనా పోటీ పడవచ్చు.

ప్రాజెక్టుల జవాబుల్లోనూ చదవాల్సిన కిటుకులున్నాయి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు, తెలంగాణకు 5,337 కోట్లు కేటాయించామన్నారు. 2009-14లో ఉమ్మడి రాష్ట్రానికి ఏటా సగటున 886 కోట్లేనని పక్కనే చూపించారు. కేటాయింపు పెరిగింది, సందేహం లేదు. అయితే అదే జవాబుల్లో, ప్రాజెక్టులు రాష్ట్రాల వారీగా కాదు, జోన్ల వారీగా మంజూరవుతాయని కూడా ఉంటుంది. కోనసీమ లైన్ సంగతే చూడండి. కోటిపల్లి నుంచి నర్సాపురానికి 57 కిలోమీటర్లు, మంజూరైంది 2000-01లో. ఖర్చులో 25 శాతం రాష్ట్ర వాటా. ఆ ఏడాది పుట్టిన పిల్లలు డిగ్రీ ముగించి ఉద్యోగాల వేటలో ఉన్నారు, రైలు ఇంకా రాలేదు. ఎప్పుడు పూర్తవుతుందని ఇలాంటి ప్రాజెక్టుల గురించి అడిగితే భూసేకరణ, అటవీ అనుమతులు, రాష్ట్ర వాటా విడుదల, వాతావరణం అంటూ ఒకే జాబితా వస్తుంది. తేదీ ఉండదు. అలాంటి చోట ఇప్పటిదాకా అయిన ఖర్చు ఎంత, ఈ ఏటి కేటాయింపు ఎంత అన్న రెండు అంకెలు చూడండి. మిగిలిన ఖర్చును ఈ ఏటి కేటాయింపుతో భాగిస్తే ఇంకా ఎన్నేళ్లు పడుతుందో మీకే తెలుస్తుంది.

పరిశీలనలోనూ కొలువులు

ఈ వ్యవస్థలో పనిచేసే అవకాశాలూ ఉన్నాయి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ద్వారా కాగ్ కార్యాలయాల్లో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్, ఆడిటర్ పోస్టులు భర్తీ అవుతాయి. అదే పరీక్షలో రైల్వే శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టు కూడా ఉంటుంది. పార్లమెంటుకు జవాబులు తయారయ్యేది అలాంటి సెక్షన్లలోనే. ఉభయసభల సచివాలయాలు సొంతంగా నోటిఫికేషన్లు ఇస్తాయి. 25 ఏళ్లలోపు గ్రాడ్యుయేట్లకు పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. ఎంపికైతే దిల్లీలో ఒక ఎంపీ దగ్గర వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పనిచేయొచ్చు. ప్రశ్నలు రాయడమే ఆ ఉద్యోగంలో ప్రధాన పని. ఏ డిగ్రీ అయినా చాలు, ఇంగ్లిష్‌లో రాయడం బాగా రావాలి.

సమావేశాలు జరిగేటప్పుడు రైల్వే వంతు లోక్‌సభలో బుధవారం, రాజ్యసభలో శుక్రవారం వస్తుంది. ఆ సాయంత్రం సన్సద్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో మంత్రిత్వ శాఖ దగ్గర రైల్వే ఎంచుకుని వెతికితే జవాబులు దొరుకుతాయి. మీకు కావాల్సిన లెక్క అక్కడ లేకపోతే మీ ఎంపీ కార్యాలయానికి రాయండి. ఏ కేటగిరీ, ఏ జోన్, ఏ తేదీ నాటికి ఖాళీలు, ఇండెంట్ ఎంత.. ఇలా విడివిడిగా రాయాలి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే పంపండి.