కల్తీ కల్లు - అత్యవసర వైద్య పిలుపుల గణాంకాలు (ఉత్తర తెలంగాణ)

మత్తుపదార్థాల వలన ప్రాణాపాయ స్థితికి చేరినవారి కొరకు అంబులెన్సు సేవకు వచ్చే ఫోను పిలుపులను తేదీ, సమయం, ప్రాంతం వారీగా లెక్కించి, ఆ లెక్కల ద్వారా మత్తుపదార్థాల వ్యాప్తిని గమనించడం ఒక ప్రజారోగ్య పద్ధతి. అమెరికా నగరాలలో ఈ పద్ధతి ముఖ్యంగా హెరాయిన్, ఫెంటనిల్ వంటి నల్లమందు జాతి మందుల విషయంలో వాడుకలోకి వచ్చింది. తెలంగాణ ఉత్తర భాగంలోని కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో దీనికి దగ్గరగా ఉన్న సమస్య కల్తీ కల్లు. ఇందులో కలిపేవి నల్లమందు జాతికి చెందినవి కావు, నిద్రమాత్రల జాతికి చెందినవి. ఈ తేడా వలన పిలుపుల లెక్కను చదివే తీరు కూడా మారుతుంది. నల్లమందు జాతి మందులతో ప్రాణాపాయం ప్రధానంగా మోతాదు మించినప్పుడు కలుగుతుంది. కల్తీ కల్లు విషయంలో మోతాదు మించినప్పుడే కాక, దుకాణం మూతపడి కల్లు దొరకనప్పుడు కూడా కలుగుతుంది.

నేపథ్యం

తాటి, ఈత చెట్ల నుండి గీసిన తీయని రసం కొద్ది గంటలలోనే పులిసి కల్లుగా మారుతుంది. తెలంగాణలో కల్లుగీత గౌడ కులస్థుల సాంప్రదాయిక వృత్తి. గీత కార్మికుల సహకార సంఘాలకు, విడిగా చెట్లు పొందిన గీత కార్మికులకు ఆబ్కారీ శాఖ అనుమతులు ఇస్తుంది. చెట్టు ఏడాది పొడవునా ఒకే తీరుగా పారదు. తాగేవారి సంఖ్య మాత్రం ఋతువును బట్టి తగ్గదు. చెట్ల నుండి దిగే కల్లుకు, డిపోలలో అమ్ముడయ్యే కల్లుకు మధ్య ఏర్పడిన ఈ అంతరాన్ని నీళ్ళు, చక్కెర లేదా శాకరిన్, మత్తుమందులు పూరిస్తున్నాయి. గ్రామాలలో ప్రజలే ఈ రెండింటినీ వేరు చేసి ఒకదానిని "చెట్టు కల్లు" అనీ, రెండవదానిని "మందు కల్లు" అనీ అంటారు. కాబట్టి కల్తీ జరుగుతున్నదన్న సంగతి తాగేవారికి తెలియనిది కాదు. తెలియనిది అందులో ఏ మందు, ఎంత ఉన్నదన్నదే.

కలిపే మందులు

ప్రధానంగా మూడు మందుల పేర్లు వినబడతాయి. మొదటిది క్లోరల్ హైడ్రేట్. దీనిని వ్యాపారులు "సీహెచ్" అంటారు. 1832లో జర్మనీ శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ తయారుచేసిన ఈ రసాయనం 1869 నుండి నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. రెండవది డయాజిపాం, తెలుగు పత్రికలలో తరచు "డైజోఫాం" అని కనిపించేది ఇదే. మూడవది ఆల్ప్రజోలాం. చివరి రెండూ బెంజోడయాజిపైన్ అనే కుటుంబానికి చెందినవి. ఆందోళనకు, నిద్రలేమికి వైద్యులు వ్రాసే మందులే ఇవి.

డయాజిపాం స్థానంలోకి ఆల్ప్రజోలాం వస్తే జరిగేది కేవలం పేరు మార్పు కాదు. సుమారు అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలాం పది మిల్లీగ్రాముల డయాజిపాంతో సమానమని వైద్యులు లెక్కిస్తారు, అనగా దాదాపు ఇరవై రెట్ల బలం. ఒక్క గ్రాము ఆల్ప్రజోలాం పొడిలో అర మిల్లీగ్రాము మాత్రలు రెండు వేలకు సరిపడే మందు ఉంటుంది. అటువంటి పొడిని తూకం యంత్రం లేకుండా, చేతి అంచనాతో పీపాలో కలిపితే ఒక సీసాలో తక్కువ, ఒక సీసాలో ప్రమాదకరమైనంత ఎక్కువ రావడం సహజం. కల్లులో ఉన్న ఆల్కహాలు కూడా దీనికి తోడై శ్వాసను మందగింపజేస్తుంది.

కల్లు ఆగినప్పుడు

బెంజోడయాజిపైన్లు మెదడును శాంతపరచే గాబా అనే రసాయనం పనిని బలపరుస్తాయి. నెలలు, సంవత్సరాల తరబడి రోజూ తీసుకుంటే మెదడు వాటికి అలవాటుపడి, అవి లేనిదే సమతూకం నిలుపుకోలేదు. హఠాత్తుగా ఆపితే చేతుల వణుకు, చెమట, నిద్రపట్టకపోవడం, లేనివి కనిపించడం, వినిపించడం, ఆపై మూర్ఛలు వస్తాయి. వీటిని ఉపసంహరణ లక్షణాలు అంటారు. పత్రికలలో "కల్లు దొరకక పిచ్చిచేష్టలు" అన్న శీర్షికతో వచ్చే వార్తలు చాలావరకు వీటిని గురించినవే. ఆ శీర్షిక చేసే హాని చిన్నది కాదు. చికిత్సతో తగ్గిపోయే స్థితిని పిచ్చి అనుకొని మంత్రగాని వద్దకు తీసుకువెళ్ళడానికో, ఇంటిలో కట్టివేయడానికో అది దారితీస్తుంది. వైద్యులు ఇటువంటి రోగికి బెంజోడయాజిపైనునే కొలిచిన మోతాదులో ఇచ్చి, రోజులు లేక వారాల మీద క్రమంగా తగ్గిస్తారు.

ఈ లక్షణాలు ఎప్పుడు మొదలవుతాయన్నది మందును బట్టి ఉంటుంది. ఆల్ప్రజోలాం శరీరం నుండి త్వరగా పోతుంది కనుక ఒకటి రెండు రోజులలోనే బాధ మొదలవుతుంది. డయాజిపాం, దాని నుండి శరీరంలో ఏర్పడే పదార్థాలు చాలా రోజులు నిలుస్తాయి కనుక మూడు రోజుల నుండి వారం, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యం కావచ్చు. దుకాణాలు మూతపడిన తేదీకి, మూర్ఛ పిలుపులు పెరిగిన తేదీకి మధ్య ఎడం తెలిస్తే, ప్రయోగశాల నివేదిక రాకముందే ఏ మందు వాడుతున్నారో కొంతవరకు ఊహించవచ్చు.

2015 నాటి అనుభవం

2015 సెప్టెంబరులో తెలంగాణ ఆబ్కారీ శాఖ కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. వెనువెంటనే నిజామాబాదు, మెదక్, మహబూబ్ నగర్ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులకు వణుకు, మూర్ఛలు, భ్రాంతులతో రోగులు పెద్దసంఖ్యలో రాసాగారు. మరణాలు కూడా సంభవించినట్లు పత్రికలు వ్రాశాయి. నిజామాబాదుకు ఉత్తరాన గోదావరి దాటితే ఆదిలాబాదు, తూర్పున కరీంనగర్. మూడు ప్రాంతాల కల్లు అలవాట్లలోనూ పోలిక ఉన్నది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వలన మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇదే విధంగా రోగుల తాకిడి పెరిగింది.

దీనికి భిన్నమైనవి 2025 నాటి సంఘటనలు. ఆ ఏడాది ఏప్రిల్ లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్ మండల ప్రాంతంలో, జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు తాగిన తరువాత అస్వస్థులయ్యారు. కూకట్‌పల్లి ఘటనలో పలువురు మరణించారు. అనగా ఒకే పదార్థం వలన రెండు రకాల అత్యవసర స్థితులు ఏర్పడుతున్నాయి. ఒకటి ఉన్నందువలన, మరొకటి లేనందువలన. రెండింటినీ ఒకే గడిలో వ్రాస్తే లెక్కకు అర్థం ఉండదు.

108 సేవలో నమోదు

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై క్రమంగా రాష్ట్రమంతటా విస్తరించింది. రామలింగరాజు స్థాపించిన ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థను 2009లో సత్యం కుంభకోణం తరువాత జీవీకే సంస్థ చేపట్టింది. పిలుపు రాగానే పేరు, స్థలం, ప్రధాన బాధ నమోదవుతాయి. అంబులెన్సులో పైలట్ అని పిలువబడే డ్రైవరు, అత్యవసర వైద్య సహాయకుడు వెళ్తారు. సహాయకుడు నాడి, రక్తపోటు, శ్వాస వంటివి రోగి సంరక్షణ పత్రంలో వ్రాస్తాడు. అవసరమైతే కేంద్రంలోని వైద్యుని సలహా ఫోనులో తీసుకుంటాడు. పిలుపులలో అత్యధికం గర్భిణులకు సంబంధించినవి. రోడ్డు ప్రమాదాలు, కడుపునొప్పి, గుండెనొప్పి, విషప్రయోగం, మూర్ఛలు మొదలైనవి మిగిలినవి.

చిక్కంతా "ప్రధాన బాధ" అన్న గడి వద్దనే ఉన్నది. కల్లు ఆగి మూడవనాడు మూర్ఛ వచ్చిన మనిషి కొరకు ఫోను చేసిన బంధువు "ఫిట్స్ వచ్చినయి" అంటాడే తప్ప కల్లు మాట ఎత్తడు. ఆ పిలుపు మూర్ఛగానే మిగిలిపోతుంది. భ్రాంతితో అరుస్తున్న మనిషి మానసిక సమస్యగా నమోదవుతాడు. ఎక్కువగా తాగి స్పృహ తప్పినవాడు మద్యం ఖాతాలో చేరతాడు. కల్తీ కల్లు అన్న పేరుతో ఏ పిలుపూ లేకుండానే కల్తీ కల్లు వలన వందల పిలుపులు రావచ్చు. "ఆఖరుసారి కల్లు తాగినది ఎప్పుడు?" అన్న ఒక్క ప్రశ్నను పత్రంలో చేర్చితే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

లక్షణాలలో తేడా

ఆదిలాబాదు పత్తి ప్రాంతం. స్పృహ లేని మనిషి కనుపాపలు గుండుసూది మొనంత చిన్నవిగా ఉంటే ఇక్కడి వైద్య సహాయకునికి మొదట తట్టేది ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందు. నల్లమందు జాతి మందులలోనూ కనుపాపలు అట్లే కుంచించుకుపోతాయి. పురుగుమందులో నోటి వెంట చొంగ, విపరీతమైన చెమట, వాసన ఉంటాయి. నల్లమందు జాతిలో శ్వాస నిమిషానికి కొద్దిసార్లకు పడిపోతుంది. బెంజోడయాజిపైన్లలో కనుపాపలు సాధారణంగా ఉండి, రోగి గాఢనిద్రలో ఉన్నట్లు కనిపిస్తాడు.

నల్లమందు జాతికి విరుగుడైన నలాక్సోన్ బెంజోడయాజిపైన్ల మీద పనిచేయదు. వాటికి ఫ్లుమజెనిల్ అనే వేరే విరుగుడు ఉన్నది కానీ, ఏళ్ళ తరబడి మందు కల్లుకు అలవాటుపడినవానికి అది ఇస్తే మూర్ఛలు రావచ్చు. అందువలన శ్వాసను కాపాడుతూ ఆసుపత్రికి చేర్చడమే ప్రధాన చికిత్స.

సిన్సినాటి ఉదాహరణ

అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు సిన్సినాటి జనాభా సుమారు మూడు లక్షలు. 2016 ఆగస్టులో ఈ ప్రాంతంలో హెరాయిన్ లో కార్ఫెంటనిల్ అనే, ఏనుగుల వంటి పెద్ద జంతువులకు వాడే మత్తుమందు కలవడం వలన ఆరు రోజులలో 174 మంది మోతాదు మించి అపాయంలో పడ్డారు. ఆ తరువాత నగర పాలక సంస్థ హెరాయిన్ సంబంధ అంబులెన్సు పిలుపులను ప్రజలందరూ చూడగల పటంగా ప్రచురించింది. ఇంటి నంబరులోని చివరి అంకెలను కప్పివేసి, వీధి భాగం మాత్రం తెలిసేటట్లు చేసింది. అటువంటి సమాచారాన్ని వాడి ఏ పేటకు ఎన్ని నలాక్సోన్ మోతాదులు అవసరమో అంచనా వేయవచ్చు.

ఉత్తర తెలంగాణకు దీనిని యథాతథంగా తేలేము. సిన్సినాటి గీతలో శిఖరం కనిపిస్తే సరఫరా పెరిగిందనో, బలమైన మందు వచ్చిందనో అర్థం. కరీంనగర్ గీతలో శిఖరం కనిపిస్తే సరఫరా ఆగిందని అర్థం కావచ్చు. ఆబ్కారీ దాడుల తేదీలు పక్కన లేకుండా ఆ గీతను చదవకూడదు. దాడి చేయబోయే శాఖ ఆ సంగతిని జిల్లా ఆసుపత్రికి ముందుగా, గోప్యంగానైనా తెలియజేస్తే పడకలు, మందులు సిద్ధంగా ఉంటాయి. 2015 సెప్టెంబరు నాటి రోగులకు అన్నిటికంటే అవసరమైనది ఇదే.

జిల్లాల విభజన - లెక్కల చిక్కు

2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ జిల్లా జనాభా 37.76 లక్షలు, ఆదిలాబాదు జిల్లా జనాభా 27.41 లక్షలు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాత ఆదిలాబాదు నుండి ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాత కరీంనగర్ నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో కలిశాయి. అందువలన 2015 నాటి "కరీంనగర్" పిలుపులను 2017 నాటి "కరీంనగర్" పిలుపులతో పోల్చి తగ్గుదల చూపడం పొరపాటు. మండలం వారీగా లెక్క ఉంటేనే పాత హద్దులను తిరిగి కూర్చవచ్చు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున లక్ష మందికి ఎన్ని పిలుపులన్న నిష్పత్తికి 2011 సంఖ్యలనే ఆధారం చేసుకోవలసి వచ్చింది.

ఊహాజనితమైన ఒక ఉదాహరణ: నాలుగు లక్షల జనాభా గల ప్రాంతంలో వారానికి సగటున 8 మూర్ఛ పిలుపులు వస్తాయనుకొందాం, అనగా లక్షకు 2. ఒక వారం 28 వస్తే లక్షకు 7. ఆ వారానికి ముందు దుకాణాలు మూతపడి, రోగులలో ఎక్కువమంది మునుపెన్నడూ మూర్ఛ ఎరుగని పెద్దవారైతే కల్లును అనుమానించాలి.

గోప్యత, చట్టం

నగరపు పేటలో వేలమంది ఉంటారు. ఆదిలాబాదు ఏజెన్సీ గూడెంలో ఇరవై ఇళ్ళు ఉండవచ్చు. అక్కడ "ఒక పిలుపు" అని ప్రచురిస్తే పేరు ప్రచురించినట్లే. మండల స్థాయిలో, వారానికొకసారి, చిన్న సంఖ్యలను కప్పి ఇవ్వడం మేలు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన బహిరంగ మరణ గణాంకాలలో పదికంటే తక్కువ సంఖ్యలను చూపదు. భారతదేశంలో ప్రభుత్వ సమాచారాన్ని పంచుకొనేందుకు 2012లో జాతీయ విధానం, 2016లో తెలంగాణ బహిరంగ సమాచార విధానం వచ్చాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ద్వారా కూడా వ్యక్తుల వివరాలు లేని మొత్తాలను అడగవచ్చు.

డయాజిపాం, ఆల్ప్రజోలాం రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనివి. వాణిజ్య పరిమాణం డయాజిపాంకు 500 గ్రాములు, ఆల్ప్రజోలాంకు 100 గ్రాములు. వాణిజ్య పరిమాణం దాటితే కనీస శిక్ష పదేళ్ళు. కల్తీ చేసినవారికి 1968 నాటి ఆబ్కారీ చట్టం కూడా వర్తిస్తుంది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 1.18 కోట్ల మంది వైద్యేతర అవసరాలకు నిద్రమందులు వాడుతున్నారు. కల్లులో కలిసినవాటిని తాగుతున్నవారు తాము నిద్రమందు వాడుతున్నామని సర్వేలో చెబుతారని ఆశించలేము. వ్యసన విముక్తికై జాతీయ సహాయ సంఖ్య 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ సంఖ్య 14416 పనిచేస్తున్నాయి. మూర్ఛ, స్పృహ తప్పడం, శ్వాస మందగించడం కనిపిస్తే 108కే ఫోను చేయాలి, కల్లు సంగతి దాచకుండా చెప్పాలి.