కీబోర్డు ముందున్నోడే కెప్టెన్!

దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి ‘కీబోర్డు నేర్చుకుంటున్నా’ అని ఎవరితోనైనా చెప్పి చూడండి. అవతలివాళ్లు వెంటనే అడిగేది ఒక్కటే.. జావానా, పైథానా? ఆ బోర్డుల మధ్య అంతకుమించి ఆశించలేం కూడా. బీటెక్ అయ్యాక నేనూ అక్కడే ఏడాదికి పైగా తిరిగా. ఎల్బీనగర్‌లో రూమ్, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. మధ్యలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషన్లు. ఆ కాసేపు మెట్రోలో నా ఇయర్‌ఫోన్స్‌లో మోగేది నైట్‌విష్ అనే ఫిన్లాండ్ హెవీ మెటల్ బ్యాండ్. ‘ఏంట్రా ఆ గోల!’ అనేవాడు మా రూమ్మేట్.

అప్పట్లో ఒక కంపెనీ హెచ్ఆర్ రౌండ్‌లో ‘లీడర్ అంటే ఎవరు?’ అని అడిగారు. ‘ముందుండి నడిపించేవాడు సార్’ అని బట్టీ పట్టిన జవాబు అప్పజెప్పా. ఉద్యోగం రాలేదనుకోండి. తిరిగొస్తుంటే చెవిలో ఇదే బ్యాండ్. దీని లీడర్ ముందుండడు. మైకు పట్టుకోడు. స్టేజీ మీద ఒక పక్కన కీబోర్డు వెనక నిలబడతాడు. పేరు తువోమస్ హోలోపైనెన్.

కథ 1996లో మొదలైంది. తూర్పు ఫిన్లాండ్‌లో కీటె అనే చిన్న ఊరు. స్నేహితులతో చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు తువోమస్‌కి బ్యాండ్ పెట్టాలన్న ఆలోచన వచ్చింది. మొదట అనుకున్నది మెటల్ కాదు, నెమ్మదిగా సాగే అకూస్టిక్ సంగీతం. గిటారుకి ఎంపు వోరినెన్, పాడటానికి తార్యా తురునెన్ వచ్చారు. తార్యాది ఒపెరా శిక్షణ ఉన్న గొంతు. ఆ గొంతుకి మెత్తని గిటారు సరిపోలేదు. దాంతో డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి చేరాయి. 1997లో తొలి ఆల్బమ్, 2004లో ‘వన్స్’తో ప్రపంచమంతా పేరు. జనానికి మాత్రం నైట్‌విష్ అంటే తార్యానే.

2005 అక్టోబర్ 21న హెల్సింకీలో పెద్ద కచేరీ జరిగింది. అది ముగిశాక మిగతా నలుగురూ తార్యా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు.. ఇక నువ్వు వద్దని. అంతటితో ఆగక దాన్ని బ్యాండ్ వెబ్‌సైట్‌లోనూ పెట్టేశారు. ఇన్నేళ్లు కలిసి పనిచేసిన మనిషిని అందరిముందూ అలా పంపడం నాకిప్పటికీ నచ్చదు. ‘టెర్మినేషన్ మెయిల్’ అంటేనే గుండె జారే మనకి ఆ రాత్రి ఆమె పరిస్థితి వేరే చెప్పాలా?

బ్యాండ్ పని అయిపోయిందన్నారు చాలామంది. అవ్వలేదు. 2007లో అనెట్ ఓల్జోన్ అనే కొత్త గాయనితో వచ్చిన ఆల్బమ్ ఫిన్లాండ్‌లో నంబర్ వన్ అయింది. 2012లో అమెరికా టూర్ మధ్యలో ఆమే తప్పుకొంటే, నెదర్లాండ్స్ గాయని ఫ్లోర్ యాన్సెన్ వచ్చి టూర్ పూర్తిచేసింది. 2014లో డ్రమ్మర్ నిద్రలేమితో పక్కకు జరిగాడు. 2021లో బేస్ వాయిస్తూ పాడే మార్కో హియెతాలా వెళ్లిపోయాడు. 2024లో కూడా కొత్త ఆల్బమ్ వచ్చింది. ఎవరు మారినా పాటలు ఎక్కువగా రాసేది తువోమసే కాబట్టి బండి ఆగలేదు.

ఇంతకీ కీబోర్డు వాయించేవాడికే ఎందుకంత పట్టు? సమాధానంలో సగం టెక్నాలజీదే. 1983లో ‘మిడి’ అనే ప్రమాణం వచ్చింది. దాంట్లో కీ నొక్కితే కేబుల్లో వెళ్లేది శబ్దం కాదు, డేటా. ఏ స్వరం, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. బలానికి 0 నుంచి 127 దాకా ఒక అంకె. మొత్తం 16 ఛానళ్లు. అంటే ఒకే మనిషి ఒకే కీబోర్డు మీద డ్రమ్స్, బేస్, వయొలిన్లు అన్నీ విడివిడిగా పేర్చుకోవచ్చు. గిటారిస్టుకి ప్రధానంగా తన పార్ట్ తెలుస్తుంది. కీబోర్డు వాడి చేతిమీదుగా అందరి పార్టులూ వెళ్తాయి.

ఇది ఫిన్లాండ్ కథే అనుకుంటే పొరపాటు. మన పాటల్లోనూ జరిగింది. టి.వి.రాజు గారబ్బాయి రాజ్, సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి కోటి కలిసి తెలుగు సినిమాని ఊపేస్తున్న రోజుల్లో వాళ్ల దగ్గర దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోతే, ఆయన వాయిద్యాలు అద్దెకిచ్చి బతికిన ఇల్లు వాళ్లది. 1992లో ‘రోజా’ వచ్చేసరికి అతని పేరు ఎ.ఆర్.రెహమాన్. మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ కూడా రాజ్-కోటి, కీరవాణిల దగ్గర కీబోర్డు ప్రోగ్రామరే. 1998లో ‘బావగారూ బాగున్నారా’, ‘చూడాలని వుంది’ ఒకే ఏడాది కొట్టేదాకా ఆయనెవరో బయట ఎంతమందికి తెలుసు? ఆ మణిశర్మ దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవాళ్లలో హారిస్ జయరాజ్ ఒకరు. చూశారా, ‘ప్రోగ్రామర్’ అనే మాట మన అమీర్‌పేట సొత్తేం కాదు!

కానీ దీనికి రెండో వైపు ఉంది. పాటకి వరసగా కూర్చుని వాయించిన వయొలిన్ కళాకారుల పనిలో చాలా భాగాన్ని ‘స్ట్రింగ్స్’ అని రాసున్న ఒక్క బటన్ లాక్కుంది. వాళ్లందరూ కీబోర్డు నేర్చుకుని మ్యూజిక్ డైరెక్టర్లు అయిపోలేదు. ఏఐ గురించి ‘స్కిల్ పెంచుకుంటే ఏం కాదు’ అని ఎవరైనా చప్పరిస్తే నాకు వాళ్లే గుర్తొస్తారు. తమాషా ఏంటంటే, అన్నీ కీబోర్డు మీదే చేయగల తువోమస్ ‘వన్స్’ కోసం లండన్ వెళ్లి మరీ ఆర్కెస్ట్రాని పెట్టుకున్నాడు. ఆ తర్వాతి ఆల్బమ్‌కీ అదే పని. బటన్‌లో ఏం దొరకదో కీబోర్డు వాడికే బాగా తెలుసేమో మరి.

మీలో పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక సరదా ప్రాజెక్టు చెప్తా. ‘మిడో’ అనే ఉచిత లైబ్రరీ ఉంది. నచ్చిన పాట మిడి ఫైలు తీసుకుని, ఏ ఛానల్‌లో ఎన్ని స్వరాలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయండి. ఒక సాయంత్రం పని. రెజ్యూమెలో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కంటే ఇదే బాగుంటుంది, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. జనరల్ మిడిలో డ్రమ్స్ ఉండేది పదో ఛానల్‌లో. మిడో మాత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి మీరు వెతకాల్సింది 9లో. ఇది తెలియక ఎల్బీనగర్ రూమ్‌లో ఒక రాత్రంతా పోగొట్టుకున్నా.