జనరేటర్ తిరుగుతున్నా బల్బు ఎందుకు మసకబారుతుంది?

పండుగ పందిట్లోని జనరేటరైనా, పడవలోదైనా సూత్రం ఒకటే: అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని ముందు ఒకటి తిరిగితే కరెంటు పుడుతుంది.

జనరేటర్‌ను తిప్పే డీజిల్ ఇంజన్ స్టార్ట్ కావడం లేదా? ముందు బ్యాటరీ, తర్వాత డీజిల్ పైపు చూడాలి. పైపులో గాలి చేరితే ఇంజెక్టర్‌కు ఇంధనం అందదు.

వోల్టేజి సంగతే అసలు తమాషా. మనకు కావలసింది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అందుకు నాలుగు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. వేగం తగ్గితే రెండూ పడిపోతాయి. వేగం సరిగ్గానే ఉంటే అయస్కాంత బలాన్ని అనుమానించాలి: బ్రష్షులు అరిగి ఉండొచ్చు, లేదా వోల్టేజి రెగ్యులేటర్ చెడి ఉండొచ్చు. వేగం కొలవకుండానే రెగ్యులేటర్ మార్చడం డబ్బు దండగ.

నడుస్తున్న జనరేటర్‌ను మాత్రం మీరు ముట్టుకోకండి, మెకానిక్‌ను పిలవండి.