మిరపకాయ మంటయు, కణద్వారములును

మిరపకాయలు కోసి, తొడిమలు తీయువారి చేతులు సాయంకాలమునకు ఎఱ్ఱబాఱి మండుచుండును. ఒక్కొక్కప్పుడు వాచుటయు గలదు. ఖమ్మము జిల్లా చేలలోను, భద్రాచలము దాటిన పిదప అడవి నానుకొనియున్న దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలోను కోతకాలమున ఇది సామాన్యము. ఛత్తీస్‌గఢ్ నుండి కోతకు వచ్చు కూలీలకును ఈ బాధ తప్పదు. నిప్పు తగులలేదు, చర్మము కాలలేదు. మఱి ఈ మంటయు వాపును ఎట్లు కలిగెను? దీనిని మేమిచట వివరింపదలచితిమి.

మన దేహములోని ప్రతి జీవకణమునకును పలుచని పొర గలదు. ఆ పొరలో మాంసకృత్తులతో నేర్పడిన అతిసూక్ష్మ ద్వారములు కలవు. సోడియము, పొటాషియము, కాల్షియము మొదలగువాని అయానులు, అనగా విద్యుదావేశముగల కణికలు, వీనిగుండ రాకపోకలు సలుపును. పెక్కు ద్వారములు తగిన సంకేతము వచ్చినప్పుడే తెఱచుకొనును.

నొప్పిని తెలుపు నరముల కొనలయందు టీఆర్‌పీవీ1 అను ద్వారము గలదు. 1997లో దీనిని కనుగొన్న బృందమునకు నాయకుడైన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమున భాగము పొందెను. ఇది సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి తెఱచుకొనును; మిరపలోని కాప్సేయిసిన్ తగిలినను అట్లే తెఱచుకొనును. అందుచే నరము చేయి కాలుచున్నదని మెదడునకు వార్త పంపును. అంతియకాదు. కాల్షియము లోనికి జొరబడగా నరపుకొన కొన్ని రసాయనములను చుట్టును వెడలించును. అవి రక్తనాళములను వెడల్పు చేయును. రక్తములోని ద్రవము కొంత వెలుపలికి ఊరును. ఎఱుపును వాపును ఇట్లు పుట్టును.

రోగక్రిములతో పోరాడు తెల్లకణములలోను కాల్షియమే దూత. టి-కణము శత్రువును గుర్తింపగానే దాని పొరలోని ఓరై ద్వారములు తెఱచుకొనును. గ్రీకు పురాణములలో ఓరై యనగా స్వర్గద్వారపాలకులు, మన జయవిజయులవంటివారు. లోనికి వచ్చిన కాల్షియము కణమును మేల్కొలుపగా, అది తోడి కణములను యుద్ధమునకు పిలుచు పదార్థములను స్రవించును. ఈ ద్వారము పుట్టుకతోనే చెడిన శిశువుల యుదంతమును 2006లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. వారి రక్తమున టి-కణములకు కొఱతలేదు. అయినను కాల్షియము లోనికి రానందున అవి నిద్రించు సైనికులవలె నుండెను. ఆ శిశువులు తీవ్రమైన అంటువ్యాధులకు లోనైరి.

కావున వాపు కేవలము శత్రువు కాదు. ద్వారము తెఱవకున్న రక్షణ లేదు. పిలుపు ఆగకున్న స్వదేహమునకే హాని. అవయవమార్పిడి పొందినవారికి ఇచ్చు సైక్లోస్పోరిన్ అను మందు, కొత్త అవయవముపై తెల్లకణములు పోరాడకుండ, కాల్షియము తెచ్చిన వార్తను కణములోపలనే ఆపును.

ఇక మిరపచేని సంగతి. కాప్సేయిసిన్ నీటిలో కరుగుట మిక్కిలి తక్కువ, నూనెలో కరుగును. కావున మండు చేతులకు ముందు వంటనూనె రాసి తుడిచి, పిదప సబ్బుతో కడుగవలెను. ఆ చేతితో కన్ను నలుపరాదు. చేతితొడుగులు ధరించుట అన్నిటికంటె మేలు. ఈ చిన్న విషయమును కోతకు పోవు మన తల్లులకు, సోదరీసోదరులకు తెలియజెప్పుట చదువుకొనుచున్న మన విధి.