పందెం ముగిసిన గుర్రం

హైదరాబాదు మలక్‌పేటలో గుర్రప్పందేలు జరగడం మీలో కొందరికి తెలుసు. ఆ గుర్రాలు రెండు, మూడేళ్ళ వయసుకే పందేనికి దిగుతాయి. ఆరేడేళ్ళకల్లా చాలావాటి పని అయిపోతుంది. కాని గుర్రం పాతికేళ్ళు బతకగలదు!

ఇంత త్వరగా ఎందుకు వెనకబడతాయి? ముఖ్యంగా కాలివల్ల. గుర్రం ముంగాలు మోకాలి కింద తడిమితే కండ తగలదు. ఎముక వెనక తాడులాంటి స్నాయుబంధనం ఉంటుంది. దౌడులో అది రబ్బరులా సాగి ముడుచుకుంటుంది. ఆ రాపిడికి దాని నడిమి భాగం 45 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కుతుంది. పోగులు తెగితే నెలల తరబడి మానుతాయి గాని, మానిన చోటు మునుపటిలా సాగదు. అలాంటి గుర్రం పందేనికి పనికిరాదు. మెల్లగా నడవడానికి, పచ్చిక మేయడానికి దానికేం లోటు?

ఆ మిగిలిన ఏళ్ళ గ్రాసం ఎవరివ్వాలో కొన్నప్పుడే తేల్చుకోవడం న్యాయం. దాణా ఒక్కసారిగా మానిపించకూడదు, కొద్దికొద్దిగా తగ్గించి గడ్డి పెంచాలి. గుర్రం పొట్టలో ఆమ్లం తిన్నా తినకున్నా ఊరుతూనే ఉంటుంది. గడ్డి నములుతుంటే లాలాజలం ఆ ఘాటును తగ్గిస్తుంది. గంటల తరబడి ఖాళీ పొట్టతో కట్టేస్తే లోపల పుండ్లు పడతాయి. ఇక గిట్టలంటారా, మన గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి.