రిఫరెన్సు రాయడమంటే పూచీ పడటం

‘ఫిస్క్ సిహెచ్, సుబ్బారో వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.’ శాస్త్ర పత్రికలతో పరిచయం లేనివారికి ఇదంతా గజిబిజిగా కనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగు సాయంతో కొలిచే పద్ధతిని వివరించిన పత్రం తాలూకు రిఫరెన్సు అది. ముందు రచయితల పేర్లు, ఆపైన పత్రం శీర్షిక, కుదించిన జర్నల్ పేరు, సంవత్సరం, సెమికోలన్ తర్వాత సంపుటి, కోలన్ తర్వాత పేజీలు. ఇంత చిన్న వరుస చేతిలో ఉంటే వందేళ్ల కిందటి ఆ ఇరవైఆరు పేజీలను ఇవాళ కూడా వెతికి తీయవచ్చు. పొలం కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడిగేది ఎందుకు? అమ్మేవాడికి ఆ హక్కు ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికే. శాస్త్రంలో రిఫరెన్సు చేసే పనీ అదే. ‘ఈ మాట నాది కాదు, ఫలానా చోట రుజువైంది, వెళ్లి చూసుకోండి’ అని రచయిత పాఠకుడికి ఇచ్చే పూచీ అది. ఆ పూచీని మన పరిశోధక విద్యార్థులు పత్రం అంతా అయ్యాక ఆఖరి రాత్రి ముగించే గుమాస్తా పనిగా చూడటం, గైడ్లు కూడా అలాగే చూడనివ్వడం చాలా నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

విద్యార్థుల విసుగులో న్యాయం లేకపోలేదు. ఒక జర్నల్ సంవత్సరాన్ని పేరు పక్కనే బ్రాకెట్లో పెట్టమంటుంది, ఇంకొకటి చివర్లో పెట్టమంటుంది. రచయిత పేరు, సంవత్సరం కలిపి రాసే పద్ధతికి మూలం హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో రాసిన పత్రమని చెబుతారు. మనస్తత్వశాస్త్రం వాళ్ల ఏపీఏ నియమాలు 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలయ్యాయి. ఈ తేడాలతో విసిగే 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నారు. పైన సుబ్బారావు పత్రం రాసింది ఆ వాంకూవర్ తీరులోనే. అయినా శైలులు తగ్గలేదు, వేలల్లో ఉన్నాయి. ఒక జర్నల్ తిరస్కరించిన పత్రాన్ని మరో జర్నల్‌కు పంపే ముందు నూట యాభై రిఫరెన్సుల్లో కామాలు మార్చుకుంటూ కూర్చోవడం వృథా శ్రమే. జోటెరో, ఎండ్‌నోట్, మెండలే లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ పనిని క్షణంలో చేసేస్తాయి. మొదటిసారి పంపేటప్పుడు ఏ తీరులో ఉన్నా ఫర్వాలేదనే పత్రికలు కూడా ఇప్పుడు చాలానే ఉన్నాయి. చుక్కలూ కామాలూ యంత్రానికి వదిలేయాల్సినవే. వదలకూడనివి రెండు: ఆ చిరునామా నిజమైనదేనా, అక్కడ మనం చెప్పిన మాటే ఉందా?

ఆ రెండూ చూడకుండానే ఎంతమంది రిఫరెన్సులు రాస్తున్నారో తేల్చడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని మిఖాయిల్ సిమ్‌కిన్, వ్వానీ రాయ్‌చౌధురి 2003లో ఒక చక్కటి దారి కనిపెట్టారు. అచ్చుతప్పులను లెక్కపెట్టారు. ఒక ప్రసిద్ధ పత్రాన్ని దాదాపు 4,300 చోట్ల పేర్కొంటే, 196 చోట్ల సంపుటో పేజీయో సంవత్సరమో తప్పుగా పడింది. ఎవరికి వారే పొరబడి ఉంటే తప్పులు రకరకాలుగా ఉండాలి. ఉన్నవి 45 రకాలే. ఒకే ఒక్క తప్పు 78 చోట్ల కనిపించింది. అంటే ఒకరి జాబితాను చూసి మరొకరు దింపేసుకున్నారు. దీన్నిబట్టి మూల పత్రాన్ని చదివి పేర్కొనేవాళ్లు సుమారు ఐదో వంతేనని వాళ్లు అంచనా కట్టారు. ఆ అంచనాను నేను పూర్తిగా ఒప్పుకోను. పత్రం శ్రద్ధగా చదివి కూడా, బద్ధకంతో వివరాలు మాత్రం పక్కవాడి జాబితా నుంచి ఎత్తుకునేవాళ్లు ఉంటారు. కానీ దింపుడు అలవాటు ఎంత లోతుకు పోయిందో చూపడానికి ఆ 78 చాలు.

తప్పు పేజీ నంబరుతో పోతే పోనిద్దాం. ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ పేర్లతో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా మత్తుమందు తరహా నొప్పి మందులు కనీసం ఒక్కసారి తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివారికి అది పట్టుకున్న స్పష్టమైన కేసులు నాలుగే అని అందులో ఉంది. ఇంటికి వెళ్లి నెలల తరబడి మాత్రలు మింగేవారి గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే ఆ ఉత్తరాన్ని 608 పత్రాలు పేర్కొన్నాయి. వాటిలో 439 పత్రాలు దాన్ని వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. రోగులంతా ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతి 491 పత్రాల్లో లేనేలేదు. ఈ మందులు భయం లేనివన్న నమ్మకం అమెరికాలో పాతుకుపోవడానికి ఈ రిఫరెన్సు తోడ్పడింది, ఆ తర్వాత అక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో లోకానికి తెలుసు. ఆ రిఫరెన్సును పరికించి చూడండి: 1980;302:123. ఒక్కటే పేజీ! ఆ 11,882 మందిని ఏరడానికి దాదాపు నలభై వేల మంది రోగుల రికార్డులు చూశామనే అధ్యయనం ఒక్క పేజీలో ఎలా ఇమిడిందన్న అనుమానం రావాలి కదా. వాంకూవర్ పద్ధతిలో అది వ్యాసం కాదు, ఉత్తరం అని శీర్షిక పక్కన తెలియజేసే వీలు కూడా ఉంది. ఫార్మాట్‌లో ప్రతి ముక్కా ఒక సమాచారమని నేననేది ఇందుకే.

ఫార్మాట్ నిర్దుష్టంగా ఉండి, వెనక ఏమీ లేకపోవడం ఇంకో ప్రమాదం. ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ రచయితల కోసం ఇచ్చిన నమూనాలో వాన్ డెర్ గీర్, హన్‌రాడ్స్, లప్టన్ అనే ముగ్గురి పేర్లతో ఒక రిఫరెన్సు ఉండేది. రాసే తీరు చూపడానికి కల్పించిందే తప్ప అలాంటి పత్రమే లేదు. దాదాపు నాలుగు వందల పత్రాలు దాన్ని పేర్కొన్నాయని 2017లో అన్-విల్ హార్జింగ్ రాశారు. నమూనాను నింపుతూ ఆ వరుసను తీసేయడం మరిచిన వాళ్లే అందులో ఎక్కువ. ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి అడిగిందే తడవుగా నిజమైన జర్నల్ పేరూ, పొందికైన పేజీలూ పెట్టి లేని పత్రాలను పుట్టిస్తున్నాయి. ఒకప్పుడు చిందరవందరగా ఉన్న జాబితా రచయిత నిర్లక్ష్యాన్ని బయటపెట్టేది. ఇప్పుడు ముచ్చటైన జాబితాను చూసి కూడా దేన్నీ నమ్మలేం. ప్రతి పత్రానికీ విడిగా ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య, అంటే డీఓఐ నంబరు ఉంటే చాలదా అంటారు. ఆ నంబరు మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల ఏముందో, ఆ పత్రాన్ని తర్వాత జర్నల్ వెనక్కి తీసుకుందో లేదో తలుపు తీసినవాడికే తెలుస్తుంది.

నూట యాభై పత్రాలు చదివే తీరిక ఎవరికుంది అన్న ప్రశ్న మిగిలింది. అది నిజమైన ఇబ్బందే. చదవనివి పేర్కొనకండి, జాబితా నలభైకి తగ్గితే తగ్గనివ్వండి. మూలం దొరక్కపోతే ఫలానా సమీక్షా వ్యాసం ద్వారా తెలిసిందని చెప్పి, ఆ వ్యాసాన్నే పేర్కొనండి. అందులో నామోషీ ఏమీ లేదు. విశ్వవిద్యాలయాలు కూడా ఒక పని చేయవచ్చు. పీహెచ్‌డీ వైవాలో పరీక్షకుడు సిద్ధాంత గ్రంథం చివరి పేజీలు తెరిచి, తనకు తోచిన ఐదు రిఫరెన్సుల మీద వేలు పెట్టి, వాటి మూల పత్రాలను అక్కడికక్కడే చూపించమనాలి. ఏ వాక్యం ఆధారంగా వాటిని పేర్కొన్నారో అడగాలి. దీనికి కొత్త నిబంధన అక్కర్లేదు, పావుగంట సమయం చాలు.